పడవ బల్ల

సిరొంచ డిపోల లిలావు నాడు
సాగువాను దుంగల మొహాల మీద
తెల్లరంగుతో నంబర్లేస్తరు.
అందులకెళ్లే నాకొక బల్ల కావాలన్న,
కుట్టుమిషిని కిందికి,
కొత్తది, వాసన పోనిది.

వడ్ల శంభయ్య అవునన్లే, కాదన్లే.
కొట్టం వెనక్కి తీస్కపోయి
బోర్లేసున్న పడవను చూపిండు.

గుర్తువట్టిన.
ప్రాణహిత మీద నన్నూ నా బట్టలమూటనూ
ఎన్నిసార్లో అద్దరికి దాటించిన పడవ.
వంతెన పడ్డంక బెస్త లింగయ్య తెడ్డును అటకెక్కించిండు.
ఇది ఒడ్డున మూడెండకాలాలు ఎండింది.
ఇటుకబట్టీ ఆయన పదిహేనొందలిస్తనన్నడట, మంటలకు.
శంభయ్య ఇంకో మూడొందలు ఎక్కువ పెట్టిండు.

"పాత కట్టెకు నా పైసలా?" అన్న.
"పాత చీరెలతోని బొంత కుట్టి
నువ్వు పైసలడగవా?" అన్నడు.
నోరు మూసుకున్న.

మేకులు తీయనీకి రెండు రోజులు.
నూట పన్నెండు. నేనే లెక్కవెట్టిన,
తుప్పువి ఒక డబ్బాల, పనికొచ్చేవి ఇంకో డబ్బాల.
చిత్రిక పట్టంగనే
నల్లటి పొర కిందికెళ్లి తేనెరంగు లేచింది.
"సూడు, మా తాత పుట్టకముందు మొలిచిన చెట్టు.
అది పీల్చిన గాలి ఇంకా ఈ పలకలనే ఉంది.
బట్టీల పడితే ఒక్క రాత్రిల పొగై పోతుండె" అని
మళ్ళ తనే నవ్విండు,
"గీ ముచ్చట ఫారెస్టు గార్డుకు చెప్తే
ముందుగాల టీపీ చూపియ్యమంటడు."

ఆలపల్లి దిక్కు అడవి నాకేం ఎరుక?
బస్సులకెళ్లి చూసిందే:
పెద్దాకులు, మోడులు, మళ్ళ పెద్దాకులు.
నా బల్ల కోసం అక్కడ ఒక చెట్టు
మొదలంటా కూలలే.
అది ఏ మలుపుల ఉన్నదో, దాని మీద ఏ పిట్ట ఉన్నదో
నాకు తెల్వదు.
దానికీ నేను తెల్వదు.
గట్లనే ఉండని.

బల్ల నిండ మేకుల బొక్కలు.
మైనం పెట్టి పూడుస్తనన్నడు, వద్దన్న.
సూదులు నిలవెట్టుకోనీకి పనికొస్తయి.
ఎడమ మూలకు తెడ్డు ఒరిసీ ఒరిసీ పడ్డ గుంట,
కత్తెర సరిగ్గ అందుల పండుకుంటది.

ఒక్కటే తిప్పలు.
వానలు మొదలైతే చాలు
సొరుగు ఉబ్బి బిగుసుకుంటది, ఎంత గుంజినా రాదు.
దారపుండలన్నీ లోపట్నే.
గిరాకి వచ్చి జాకెటేదని అడిగితే
"ఏరు దిగేదాంక ఆగు" అంటున్న,
పాత అలవాటు.