కంట్రోల్ గ్రూపులో దొరసామి

అలిపిరి డిపో వెనక, పాత టైర్లు దొంతర పెట్టిన రేకుల షెడ్డులో
నలభై ఎనిమిది మంది ఘాట్ డ్రైవర్లు.
కంప్యూటరు చీటీలు వేసింది.
సగం మందికి చాపలు,
సగం మందికి ఏమీ లేదు.

ఏమీ లేనివాళ్లలో దొరసామి, పుత్తూరు అవతల ఊరు.
"లక్కీ డిప్పులో ఇరవయ్యేళ్లుగా నాకే సేవా తగల్లేదు మా,
ఇదీ అంతే" అని నవ్వి
నా ఫారం మీద టీ గ్లాసు పెట్టాడు, గాలికి పోకుండా.

పది ప్రశ్నలు. ఎక్కడో పుట్టి మా డిపార్ట్‌మెంటులో తెలుగైనవి.
గత నెలలో మీరు ఎంత తరచుగా ఒత్తిడికి లోనయ్యారు?
"ఒత్తిడంటే? టైర్లో చూస్తామే, ఆ గాలా?"
అవునన్నాను.
కాదనడానికి నాకూ మాట దొరకలేదు.
"ఎక్కువైతే ఎండకు పగుల్తాది, తక్కువైతే మలుపులో ఈడుస్తాది.
రొండూ ఒకే దినం అయితే, దానికి గడి యాడుంది?"
అప్పుడప్పుడు అని టిక్కు పెట్టాం,
ఇద్దరం కలిసి.

తర్వాత ఉమ్మి.
లేవగానే ఒకసారి, లేచిన అరగంటకు ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి.
మనిషి దాచింది ఉమ్మి దాచదని మా నమ్మకం.
కొండ కనపడే దిక్కున అతను ఉమ్మడు.
తెల్లారి నాలుగింటికి, మొదటి బస్సులో గోవిందలు మొదలవకముందే,
గోడవైపు తిరిగి గొట్టం నింపేవాడు.
"వీపు చూపేదీ తప్పే గానీ, రొండు తప్పుల్లో ఇది చిన్నది."
మళ్లీ ఇటు తిరిగి లెంపలేసుకునేవాడు.
ఆ లెంపలకు నా పట్టికలో గడి లేదు.

అవతల చాపల మీద
ఖాకీ ప్యాంట్లు పిగిలిపోతాయని లుంగీలు కట్టుకొచ్చినవాళ్లు
ఊపిరి బిగబట్టి, నాలుగు లెక్కపెట్టి, వదిలేవాళ్లు.
శవాసనంలో గురకలు.
దొరసామి బెంచీ మీంచి చూసేవాడు.
చూడకూడదని ప్రొటోకాల్లో ఉంది.
నేను ఫైలు తిరగేస్తూ ఉండేదాన్ని.

పన్నెండు వారాలకు చాపలవాళ్ల అంకెలు దిగాయి
డౌన్ ఘాట్‌లో బస్సు దిగినంత నింపాదిగా.
దొరసామి ఉమ్మిలోనూ దిగింది.
కాగితం మీద మాత్రం ఎక్కింది.
అప్పుడప్పుడు పోయి తరచుగా,
తరచుగా పోయి చాలా తరచుగా.
"ఇట్లాంటోడు ప్రతి స్టడీలో ఒకడుంటాడు" అన్నారు మా గైడు.
సున్నా పాయింటు సున్నా నాలుగు వచ్చింది,
అందరం మైసూర్‌పాక్ తిన్నాం.

నేను పోయి అడిగాను.
"ముందు తెలీదు మా. నువ్వు బేస్తవారం బేస్తవారం అడగతా ఉంటే తెలిసొచ్చింది.
ఇంజన్లో శబ్దం రోజూ ఉండేదే.
ఎవుడో ఎక్కి, ఏందన్నా ఆ శబ్దం అంటాడు,
ఇంక ఆ పొద్దు నుంచీ అదే ఇనపడతాది."
ఆగి, చెవి గోక్కుని,
"ఇనపడితే మేలే గదా" అన్నాడు.

ఆ రాత్రి హాస్టల్లో మిగిలిన ఫారం ఒకటి తీసి నేనూ మొదలెట్టాను.
పదకొండు నెలల కాంట్రాక్టులో తొమ్మిది అయిపోయాయి.
మూడో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది.
టీ గ్లాసు లేదు,
ఫ్యాను గాలికి కాగితం మంచం కిందికి పోయింది.
వంగి తియ్యలేదు.

కంట్రోల్ గ్రూపుకు తర్వాత నేర్పిస్తామన్న యోగా
నిధులతో పాటే అయిపోయింది.
చాపలు స్టోర్‌రూములో చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

మార్చిలో అతని బస్సులోనే కొండెక్కాను, డ్రైవరు వెనక సీటు.
ప్రతి మలుపుకూ ముందు హారను,
హారనుకూ ముందు ఎంతో కొంచెం ఆగడం,
భుజాలు ఒకసారి లేచి దిగడం.
లెక్కపెట్టాను. నాలుగు.
ఇంకో మలుపు. నాలుగే.
చంటిబిడ్డ ఏడుపులో, కొత్త గుండ్ల చందనం వాసన ఊహల్లో
బస్సులో ఎవరూ గమనించలేదు.

పైన జనమంతా దిగిపోయారు.
అతని చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.
"దిగు మా" అన్నాడు అద్దంలోంచి,
"నేనింకొంచేపు గమ్మునుంటా."