కొండెక్కని దీపం

ఏడూ నలభై. బల్లారట్‌లో జూలై.
కారు అద్దం మీద మంచు గీకిన వేళ్ళు
ఇంకా నావి కాలేదు.

ముందు చేతులు తుడుచుకో, కీలీ.
తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోకూడదని
ఎవరైనా చెప్తారు.
నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి.

తీగని తల నుంచి తోక దాకా వేళ్ళతో తడుము,
మినప్పప్పులో రాయి వెతికినట్టు.
ఛార్జరు మెడ దగ్గర, రోజూ వంగే చోట,
రబ్బరు ముందు తెల్లబోతుంది, ఆనక పగులుతుంది.
పచ్చ ట్యాగు మీద తేదీ ఇంకా ఉందంటావు.
తేదీ ట్యాగుది. పగులు తీగది.
అనుమానమొస్తే స్విచ్చి ఆపి
ప్లగ్గు పట్టుకుని లాగు,
తీగ పట్టుకుని లాగడానికి అదేమీ ఆవు పలుపు కాదు.

ఇక దీపం.
వేలెడంత మూతి, నొక్కితే నీలం.
దానికి కళ్ళప్పగించకు.
నారింజ అద్దాలు నీకొకటి, నాకొకటి,
కుర్చీలో నెవిల్‌కి ఒకటి.
ఆయన అడక్కుండానే పెట్టుకుంటాడు.
రైలు పెట్టెల షెడ్డులో ముప్పై ఏళ్ళు వెల్డింగు చేసినవాడు,
ఒక్క క్షణం చూసిన వెలుగు
రాత్రంతా కంట్లో ఇసుకై ఎలా దొర్లుతుందో
ఆయనకి మనం చెప్పేదేముంది!

మా ఇంట్లో దీపం ఆరిందనకూడదు,
కొండెక్కిందనాలి.
ఈ దీపం కొండెక్కదు.
అదే దీంతో వచ్చిన చిక్కు.
వెలుగుతూనే ఓడిపోతుంది.
నీలం నీలంగానే ఉంటుంది,
బీప్ వేళకే మోగుతుంది,
ఇరవై సెకన్లూ ఇరవైకే పూర్తవుతాయి,
పంట్లో పూత మాత్రం
పైన రాయి, అడుగున జిగురు.
పైన పటారం, లోన లొటారం.
అర్థం టీ తాగేటప్పుడు చెప్తాలే.

నాకెలా తెలుసంటావా,
నాలుగేళ్ళ కిందట ఒక గురువారం
మీటరు కింది డ్రాయర్లో ఉంది.
వంగి తీయలేదు.
డాక్టర్ ఫెన్విక్ తొందరపెట్టలేదు.
ఎవరూ తొందరపెట్టలేదు.
నిన్న బాగానే ఉంది కదా అనుకున్నాను, అంతే.
మూడు నెలలకి చెంప పట్టుకుని
ఇదే నెవిల్ తిరిగొచ్చాడు.
పళ్ళెంలో పడ్డ తెల్లటి ముక్కలోకి
నా గోరు దిగింది.
దీపం మూతి మీద ఎండిన రెసిన్ పొర,
పాలమీగడంత.
మీటరు మీద ఆనిస్తే
రావలసిన దాంట్లో సగం కూడా పలకలేదు.
ఎన్నాళ్ళ నుంచో, ఎంతమంది నోళ్ళలోనో!

నెవిల్ తిట్టలేదు.
మెరిసే అతుకులు నేనూ వేశానమ్మా,
లోపల పట్టిందా లేదా అన్నది
బరువు పడ్డ రోజున గానీ తెలీదు, అన్నాడు.
తిట్టుంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

అందుకే ఈ గళ్ళ నోటుబుక్కు.
వెయ్యీ ఎనభై. వెయ్యీ డెబ్భై ఐదు. వెయ్యీ ఎనభై.
ఆదివారాల చోట ఖాళీ.
ఇవాళ్టి గడి నువ్వు నింపు.
దొంగంకె వేయాలనిపించే పొద్దు ఒకటి వస్తుంది.
నాకొచ్చింది.

ప్లాస్టిక్ తొడుగు అతుకు మూతికి అడ్డం రానీకు.
పంటికి దగ్గరగా, నిటారుగా పట్టు.
పక్కకి చూసి పట్టావో, వెలుగు చెంపకి పోతుంది.
చూడాలి, అద్దంలోంచే చూడాలి.
రెండోసారి నొక్కేముందు కాస్త గాలి ఊదు,
వేడెక్కుతుంది,
లోపల పంటికి ప్రాణముంది.

రెడీనా, నెవిల్?
బొటనవేలు పైకెత్తాడు.

నారింజ అద్దంలోంచి నీలం కనబడదు.
పంటి మీద పసుప్పచ్చని చుక్క,
కీలీ మణికట్టులో సన్నని వణుకు,
నెవిల్ బూటు లోపల కాలివేలు ఏదో లెక్కపెడుతోంది.
పదిహేడు.
బయట మంచు మీద ఎవరిదో కారు ఇంకా స్టార్టు కావట్లేదు.
పంతొమ్మిది.
ఆగు, ఇంకా చెయ్యి తీయకు.