నా ఎడమ, వాళ్ళ కుడి

అద్దంలో మనిషిలా ఉండాలంది మార్నీ.
"నువ్వు ఎడమకాలు ఎత్తుతూ కుడి అనాలి.
వాళ్ళు నిన్ను చూసి కుడికాలు ఎత్తుతారు.
ఆ గంటసేపూ నీ ఎడమ నీది కాదు."

నవంబరు నుంచీ అదే సాధన.
హాస్టల్లో బట్టలుతికే గదిలో
గిరగిరా తిరిగే డ్రయ్యర్ల ముందు నిలబడి
ఎడమచెయ్యి చాపి కుడి అంటాను,
కుడిమోకాలు ఎత్తి ఎడమ అంటాను.
కాలూ నాలుకా
ఆస్తి పంచుకుంటున్న అన్నదమ్ముల్లా
చెరోవైపుకీ లాగేవి.
సబ్బుపొడి కోసం వచ్చిన కుర్రాడొకడు
చప్పుడు కాకుండా తలుపేసి వెళ్ళిపోయాడు.

గనుల ఇంజనీరింగు, రెండో ఏడు.
రాయి గురించి అడగండి, చెబుతాను.
మనుషుల ముందు నాకు నోరు పెగలదు.
మా ముత్తాతలు ఫిన్లాండు నుంచి వచ్చి
ఈ ఊరి కింద రాగి తవ్వారు.
మేం ఊరి పైన మంచు తవ్వుతున్నాం.

ప్లాస్టిక్ బొమ్మ ఛాతీ మీద
రెండు చేతులూ వేసి నొక్కడం నేర్పారు,
నిమిషానికి వందకి తగ్గకుండా.
ఎన్ని బ్యాచీలు బతికించాయో దాన్ని,
పెదవుల రంగు పోయింది.
కండరాల పరీక్షలో అన్నీ రాశాను,
పిక్క పేరొక్కటే మరిచాను.
బయటికొచ్చి మెట్లు దిగుతుంటే
అదే పట్టేసి గుర్తుచేసింది.

ఎంపిక రోజు ఒక పాట, మూడు నిమిషాలు,
మడతకుర్చీల్లో నలుగురు.
ఒకాయన యాపిల్ తింటున్నాడు,
నేను అతని దవడ లెక్కకే అడుగులేశాను.
తీసుకున్నారు.
"గొంతు చిన్నది. లెక్క తప్పలేదు"
అని కాగితం మీద రాసిచ్చారు.

ఫిబ్రవరి, మంగళవారం, ఉదయం ఆరుంబావు.
నేలమాళిగ గది, మూల చిట్లిన అద్దం.
పైకిటికీలో మంచుతోసే బండి పసుపు దీపం
వచ్చి పోతోంది, వచ్చి పోతోంది.
మైకు మీద స్పాంజి తొడుగు
ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, టూత్‌బ్రష్‌లాగా.
నాది రాత్రంతా గుప్పిట్లో పట్టుకుని పడుకున్నాను.

ముప్ఫై మంది పట్టే గదికి
నలుగురొచ్చారు.
మోకాలికి పట్టీతో ఐవర్, హాకీ ఆడతాడు.
ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకునే
మొదటేడు పిల్లలిద్దరు.
లైబ్రరీలో రాత్రి డ్యూటీ దిగి
నేరుగా వచ్చిన వెర్నా,
అరవై దాటింది, మెడలో ఇంకా తాళాలగుత్తి.

మొదటి పాట గడిచింది. రెండోదీ.
మూడోదాంట్లో
నా బుర్ర తుడిచిన పలక.
కాళ్ళూ చేతులూ ఆడలేదంటారే, అదే.
ఆడించడానికే కదా జీతం,
గంటకి పద్నాలుగు డాలర్లు!
పాట తన దారిన తను పోతోంది.
అద్దంలో ఒక కొయ్యబొమ్మ,
దానికి నా చెమట.

వెనక వరసలోంచి
గల్లు గల్లు, గల్లు గల్లు.
వెర్నా ఆగలేదు.
ఎవరూ ఏమీ చెప్పకపోయినా
ఉన్నచోటే నడుస్తోంది.
మెడలో తాళాలే తాళం వేస్తున్నాయి.
ఐవర్ ఆమెని చూసి అందుకున్నాడు.
పిల్లలు నవ్వు మానేసి అందుకున్నారు.
చివరికి నేను.
నా క్లాసులో ఆఖరి విద్యార్థిని నేనే.

ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు...
అంకెలు వెనక్కి నడుస్తుంటే
వాటి వెంటే గొంతూ వచ్చింది.

"మళ్ళీ ఎప్పుడు?" అంది వెర్నా,
షూ లేసు విప్పుకుంటూ.
"గురువారం."
"గురువారం నాకు డ్యూటీ లేదు" అంది.
వస్తాననలేదు. రాననలేదు.

బయట ఇంకా చీకటే.
సుపీరియర్ సరస్సు మీంచి గాలి కోస్తోంది.
లారీ ఆపి, అద్దం దించి,
ఉప్పు గోదాముకి దారెటని అడిగాడు డ్రైవరు.
అతనికి ఎదురుగా నిలబడి
ఎడమచెయ్యి చాపి
"కుడికి" అన్నాను.

నా చెయ్యి చూశాడు. నా మొహం చూశాడు.
కుడికే తిప్పాడు.