ఎడమ భుజానికి రెండు వేళ్లు తక్కువ

ఔలులో ఎండాకాలం చెప్పి రాదు.
నిన్నటిదాకా ఉన్నికోటు. ఇవాళ పొద్దున
బస్టాపులో అందరి మోచేతులూ ఒక్కసారే బయటపడ్డాయి,
సున్నమంత తెల్లగా, కాస్త సిగ్గుపడుతూ.

ఎండకు తొడుక్కునేది నా దగ్గర ఒక్కటీ లేదు.
ఉన్న రెండూ నిరుడు
కోరిందపళ్ల పొదలో ముళ్లకి దానం చేశాను.
కొట్లో అడిగితే ఇరవై తొమ్మిది యూరోలన్నారు,
దానికి చేతులు కూడా లేవు.
లేని చేతులకి డబ్బులెందుకని
నేలమాళిగలో నా కొట్టుగది తెరిచాను.

మిగిలిన గుడ్డ నేనెప్పుడూ పారెయ్యను.
పొదుపంటారు పక్కింటివాళ్లు,
జబ్బంటుంది మా చెల్లెలు పిర్కో.
అట్టపెట్టెలో అన్నీ మూరెడు, మూరెడున్నర,
ఏ లెక్కకీ రాని మూలలు:
పడవ మీద కప్పు కుట్టగా మిగిలిన కాన్వాసు,
పెళ్లినాటి దుప్పటి, నడుమ చిరిగింది, అంచులు గట్టివే
(పెళ్లీ అంతే),
పసుపు నిమ్మకాయల అచ్చున్న కర్టెన్ ముక్క,
ఎవరిచ్చారో గుర్తులేదు.

రాత్రి పదకొండు. దీపం అక్కర్లేదు.
కిటికీలో సూర్యుడు లేవని చుట్టంలా కూర్చున్నాడు.
నిమ్మకాయల్ని నేల మీద పరిచి
పైన పాత బనీను పెట్టి
అరిగిన సబ్బుబిళ్ల అంచుతో గీత గీశాను.
ముందు భాగం వచ్చింది.
వెనక్కి జానెడు తక్కువైంది.
అటు తిప్పాను, ఇటు తిప్పాను,
నిలువుని అడ్డం చేశాను, నిమ్మకాయలు పక్కకి ఒరిగి పడుకున్నాయి,
అయినా జానెడు జానెడే.
సరే, వెనక నడుముకి దుప్పటి అంచు అతుకు.
నా వీపు నేను చూసుకోను కదా,
చూసేవాళ్లు చూసుకోనీ.

జిప్పు లేదు, గుండీ లేదు, కాలరు లేదు.
మెడకొక గుండ్రం, చంకలకి రెండు.
చెడగొట్టడానికి ఏమీ లేనప్పుడు
నాకు కుట్టు బాగానే వస్తుంది.

కచ్చాకుట్టు మీదే ఒకసారి తొడిగి చూశాను.
జారింది. ఎడమవైపు.
కొన్నవన్నీ అలాగే జారేవి,
ఇన్నేళ్లూ బట్టల తప్పనుకున్నాను.
అద్దం ముందు టేపు పట్టుకుని నిలబడితే
ఎడమ భుజం కుడిదానికన్నా
రెండు వేళ్లు కిందికుంది.

ఇరవయ్యారేళ్ల తపాలా సంచి.
కరెంటు బిల్లులు, శుభలేఖలు, కోర్టు కాగితాలు,
తుయిరాలో లిఫ్టు లేని నాలుగో అంతస్తు నుంచి
నెలనెలా విత్తనాల కేటలాగు తెప్పించుకునే హిల్కా గారు,
బాల్కనీలో ఒక్క కుండీ కూడా లేదామెకి.
సంచి ఎప్పుడో అప్పజెప్పేశాను.
భుజానికి ఆ కబురు అందినట్టు లేదు.

ఎడమ పట్టీ విప్పాను.
రెండు వేళ్లు కోసేశాను. మళ్లీ కుట్టాను.
హ్యాంగరుకి తగిలిస్తే వంకర,
నా మీద తిన్నన.

దుప్పటి రెండో అంచుతో లాగు:
నడుముకి ఇలాస్టిక్,
తాళంచెవి పట్టేంత జేబు ఒక్కటి.

పొద్దున్నే ఏటి ఒడ్డుకి వెళ్తుంటే
కింది వాటా రెయ్యో కుక్కతో ఎదురొచ్చి
నిలబడిపోయాడు. చూస్తున్నది నన్ను కాదు.
"మా అక్క వంటింటి కిటికీ" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది.
ఆవిడ వాటా ఖాళీ చేసిన రోజు
జాడీలతో పాటు ఒక సంచి నా చేతికిచ్చాడు.

ఏమనాలో తోచక
వెనక్కి తిరిగి అతుకు చూపించాను.
"ఇక్కడ చాల్లేదు."
"ఎప్పుడూ చాలకుండానే కొనేది" అన్నాడు.
కుక్క లాక్కుపోయింది.

నీళ్లు ఇంకా మంచు మాటే చెబుతున్నాయి.
మోకాళ్లదాకా దిగాను,
ఒంగి మొహం కడుక్కున్నాను.
పట్టీ జారలేదు.

ఇంటికొచ్చేసరికి నేల మీద
ఒక ముక్కోణం ముక్క,
ఒకటిన్నర నిమ్మకాయ.
ఊడ్చేశాననుకున్నాను.
తీసి పెట్టెలో వేశాను.