ఒత్తు

మా అమ్మ పేరు కుల్లాయమ్మ.
రేషన్ కార్డులో ల కింద ఒత్తు ఉంది,
ఆధార్‌లో లేదు.
బ్యాంకు పుస్తకంలో ఒత్తు ఉంది గానీ అమ్మ లేదు,
కుల్లాయ దగ్గరే ఆగిపోయింది.
ముగ్గురూ ఒకరేనని
నోటరీ దగ్గర రాయించడానికి రెండు వందల యాభై.
ఆ పొద్దు కూలిలో సగం కంటే ఎక్కువే.

తాడిపత్రిలో మా వార్డు సచివాలయం ముందు
తొమ్మిదిన్నరకే నిలబడినాం.
నా చేతిలో ప్లాస్టిక్ కవరు,
అందులో నేను:
టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కులం, ఆదాయం,
నాలుగు సెమిస్టర్ల మార్కులు.
ఫీజు కట్టలేదని కాలేజీవాళ్లు ఇచ్చిన నోటీసు మాత్రం
అమ్మకు కనపడకుండా
అన్నిటికీ అడుగున.

ఆదాయం కాగితానికి పోయినప్పుడు వీఆర్వో అడిగినాడు,
"ఏడాదికి ఎంత వస్తాది మీకు?"
అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.
కరెంటు లేని దినాలు తీసేసి,
బ్లేడు విరిగి మిషన్ ఆగిన దినాలు తీసేసి,
నాయన హుబ్లీకి లోడు తోలకపోయి
బాడుగ చేతికి రాని నెల తీసేసి,
ఆఖరికి మిగిలిన పిడికిలి చూపించి
"నీకెంత తోస్తే అంత రాసుకో సార్" అన్నింది.
ఆయన డెబ్బై రెండు వేలు రాసినాడు.
ఇంటికొచ్చే దారి పొడుగునా నవ్వుతానే ఉంది అమ్మ.
"డెబ్బై రెండు వేలంట మనకు!
యాడ దాచిపెట్టినావే వాటిని?"

ఇప్పుడు వేలి వంతు.
"బొటనవేలు పెట్టమ్మా."
పెట్టింది.
మిషన్ ఎర్రగా మెరిసి, వద్దనింది.
"ఇంగొంచెం ఒత్తు."
ఒత్తింది.
"తుడ్చుకోని ఒత్తు."
కొంగుకు తుడ్చుకోని ఒత్తింది.
చూపుడు వేలు, నడిమి వేలు,
ఉంగరం ఎట్లుంటాదో ఎరగని ఉంగరం వేలు.
పదింటికి పదీ
ఆమెవి కాదనింది మిషన్.

పద్నాలుగేండ్లు బండల పాలీషులో
నీళ్లకు నాని, రాయికి అరిగి
అమ్మ వేళ్ల కొసలు గాజులాగ అయినాయి.
నాకు జ్వరమొస్తే నుదుటి మీద
చల్లగా జారిపోతాయి.
అదొక లోపమని
ఆ పొద్దు దాకా నాకు తెలీదు.

కిందికి చూసినాను.
సచివాలయం నేలంతా నల్ల బండ,
తలకిందులుగా మేమిద్దరం అందులో నిలబడి ఉండాం.
ఆ నునుపు ఎవరి వేళ్లదని
మిషన్‌ను అడగబుద్ధయింది.
అడగలేదు. వెనక ఇరవై మంది ఉండారు.

డిజిటల్ అసిస్టెంట్ చౌడేష్ అన్న మంచోడు.
టేబుల్ మీద కొబ్బరినూనె సీసా పెట్టుకున్నాడు,
పొద్దున్నుంచి అది సగమైంది.
నూనెకూ పలకలేదు వేళ్లు.
ఇంకో మిషన్ తీసినాడు.
"అక్కా, కండ్లు పెద్దగా తెరువు.
ఇంకా. రెప్ప కొట్టగాకు."

మేస్త్రీ ముందర, బ్యాంకు క్లర్కు ముందర,
మా కాలేజీ గేటు వాచ్‌మన్ ముందర కూడా
కండ్లు దించుకునే మనిషి
గవర్నమెంటును
రెప్ప వాల్చకుండా చూసింది.
రాతి దుమ్ముకు ఎర్రబడిన కండ్లు.
నీళ్లు కారినా మూయలేదు.

"పడింది" అన్నాడు చౌడేష్ అన్న.
అమ్మ ఎందుకో చీర సర్దుకుంది.

స్క్రీన్ మీద ఒక్కటే మాట, పరిశీలనలో ఉంది.
ఎన్ని దినాలు?
"చెప్పలేం పాపా."
సోమవారం హాల్ టికెట్లు ఇస్తారు.

గేటు కాడ ఆగి అడిగింది అమ్మ,
"ఆ ఒత్తు పెట్టినాడా?"
రసీదు మీద చూపించినాను.
ఆమెకు చదువు రాదు.
ల కింద ఉన్న ఆ చిన్న వంకర మీద
బొటనవేలు ఆనించి ఒత్తింది.
నూనె మరక పడింది,
గుండ్రంగా,
లోపల ఒక్క గీతా లేకుండా.

"కవరులో పెట్టు" అనింది.
పైన పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"పైన కాదు. అడుగున,
ఆ నోటీసు పక్కన."