పడని వేలిముద్ర

మార్కాపురం మీసేవలో
మూడోసారి కూడా మా అమ్మ బొటనవేలు పడలా.

"గట్టిగా అదుమమ్మా" అంటాడు కంప్యూటరు పిల్లాడు.
చెంగుకు తుడిచింది, కాస్త నూనె రాసింది,
చిటికెన వేలితో సహా పదీ అయినాయి.
పద్నాలుగేళ్ళు పలకలు రుద్దింది గదా,
పలకలు కూడా ఆమెను రుద్దినాయి.

ఆదాయం కాగితం ఉంది, కులం కాగితం ఉంది,
ఒక్క అక్షరం కోసం
ఒంగోలు దాకా నాలుగుసార్లు తిరిగి దిద్దించుకున్న
టెన్త్ మెమో ఉంది.
స్కాలర్‌షిప్పు గడువు శనివారం.

చివరికి లోపల్నుంచి కంటి మిషను తెచ్చారు.
"రెప్ప ఆర్పబాక మా" అన్నాను.
రాతిదుమ్ములో రెప్పలు సగం మూసుకునే బతికిన మనిషి
కళ్ళు తెరిచింది.
అంత పెద్దవని నాకూ తెలీదు.

పచ్చదీపం వెలిగింది.
మెట్లు దిగతా అడిగింది,
"నేను వాళ్ళకు కనపడ్డానంటనా?"

డబ్బులు ఏప్రిల్లో పడ్డాయి.
హాల్‌టికెట్టు కోసం కుదవబెట్టిన కమ్మలు విడిపించాం.
మిగిలిన నాలుగొందలకు
నీకు కళ్ళజోడు కొంటానంటే వద్దంది:

"గీతలు మళ్ళీ మొలిచే మందేదన్నా ఉందేమో
కనుక్కో, పాపా.
వచ్చే ఏడు కూడా అడుగుతారు గదా."