చిమ్నీ ఎటువైపు

సెయింట్ జాన్స్‌లో సెప్టెంబరు.
హాస్టల్ ఎదురుగా ఉన్న చర్చిని
పొగమంచు పొద్దున్నే మింగి
మధ్యాహ్నానికి కక్కేస్తుంది.

రచన క్లాసు మంగళవారం. గది లేదు.
చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని లోపలికి పోవాలి.
తెర మీద ఒక దీవి, అక్కడ ఎప్పుడూ సాయంత్రమే.
మా డ్రోవర్ మేడమ్ ఆ దీవిలో కొంగ.
ఒంటికాలి మీద నిలబడి కామాల గురించి చెబుతుంది.
మొదటిరోజు కుర్చీ అనుకుని బల్లెక్కి కూర్చున్నాను,
దిగడం తెలియక గంటసేపూ అలాగే ఉన్నాను.
లాబ్రడార్ కుర్రాడొకడు నడుం దాకా గోడలో ఇరుక్కుని
"హాజరు, మేడమ్" అని టైపు చేశాడు.

బయట నేను ట్రైనా హౌన్సెల్‌ని.
నోరు తెరిస్తే పల్లె యాస దొర్లుతుందని
బ్యాంకులో కూడా తలే ఊపేదాన్ని.
ఇక్కడ ఆరడుగుల నీలిజుట్టు మనిషిని.
కీబోర్డుకి యాస వినపడదు.

"ఒక చోటు కట్టండి," అంది కొంగ.
"కట్టాక, దాని మీద వెయ్యి మాటలు."

నాయనమ్మ ఇల్లు కట్టాను.
అరవై ఏడులో సర్కారు ఊరు ఖాళీ చేయిస్తే
టిల్లీ కోవ్ నుంచి ఆ ఇంటిని
ఖాళీ నూనె పీపాలు కట్టి, పడవలతో లాగి
సముద్రం మీద ఆరు మైళ్ళు నడిపించారట.
వంటింటి బల్ల మీద టీ కప్పు
ఒక్క చుక్క తొణకలేదట.
మా ఇంట్లో ఈ కథ ఉప్పులాంటిది,
పెళ్ళికీ చావుకీ ఒకేలా వడ్డిస్తారు.

నాలుగు రాత్రులు పట్టింది.
పసుపుచెక్క గోడలు, ఆకుపచ్చ తలుపు, కప్పుతో సహా.
అప్పుడు ఇంటిని నీళ్ళ మీదికి లాగాను.
ఒక్క వేలికి వచ్చేసింది.
పీపాలు లేవు, మోకులు లేవు, మగవాళ్ళ బూతులు లేవు.
కప్పు తొణకలేదు నిజమే,
అందులో టీ ఉంటే కదా!

రాయబోతే రెండు వాక్యాలు. మూడోది రాదు.

ఫోన్ చేశాను: "నాయనమ్మా, ఆ కప్పు ఏ రంగు?"
"ఏ కప్పు?"
"తొణకని కప్పు."
"మీ తాత కోతలవి. సామానంతా ముందురోజే దింపేశాం.
నేను పడవ చివర కూర్చుని వాంతులు చేసుకుంటున్నా,
కడుపులో మీ నాన్న.
ఇల్లు ఎలా వస్తోందో
ఒక్కసారి కూడా తిరిగి చూళ్ళేదు."

ఆ రాత్రి కప్పు చెరిపేశాను.
మళ్ళీ పెట్టాను. మళ్ళీ చెరిపేశాను.

నాకు జతపడ్డ బహ్రెయిన్ అమ్మాయి షైమా
నా ఇల్లంతా తిరిగి చీటీ వదిలింది:
"బాగుంది. కానీ మెట్లేవీ?
పైన మంచం ఉంది, ఎలా ఎక్కుతారు?"
నాకు తట్టనే లేదు.
ఆ లోకంలో అందరం ఎగురుతాం.

"పదమూడు," అంది నాయనమ్మ. "ఏడోది చాడీల మెట్టు.
మీ తాత ఎన్నింటికి వచ్చాడో, ఎంత తాగి వచ్చాడో
అదే నాకు చెప్పేది."

మెట్లు పెట్టాను. పదమూడూ మూగవే.
కిర్రుమనే చప్పుళ్ళు అమ్మకానికి ఉన్నాయి గానీ
అవి ఎవరింటి తలుపులవో.
అందుకే రాశాను.
కిర్రు కాదు, కిఱ్ఱు కాదు,
పళ్ళ మధ్య నలిగిన తిట్టులాంటి చప్పుడు,
దుప్పటి కింద కళ్ళు తెరుచుకుని
లెక్కపెడుతున్న ఒక మనిషి.
వాంతులు కూడా రాశాను. నా యాసలోనే రాశాను.
వెయ్యి అన్నది పదహారు వందలైంది.

బి ప్లస్.
కొంగ అంచున రాసింది:
"కామాలు మరీ ఎక్కువ. ఏడో మెట్టు దగ్గర నేనూ ఆగాను."

డిసెంబరులో దీవి అద్దె గడువు తీరింది.
తుడిచేసే ముందు ఇంటి బొమ్మ ఒకటి
లైబ్రరీలో రంగుల్లో అచ్చు తీశాను, ముప్పై సెంట్లు.

క్రిస్మస్‌కి నాయనమ్మ దాన్ని
కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా చూసింది.
నేను ఊపిరి బిగబట్టాను.
"చిమ్నీ తప్పు వైపు పెట్టావు."

ఇక దిద్దడానికి లేదని చెప్పేలోగా
బింగో మార్కరు మూత తీసి
చిమ్నీ మీద ఒక్క పోటు పొడిచి,
ఉత్తరం వైపు కొత్తది నిలబెట్టింది.
కాసేపు ఆలోచించి పొగ కూడా పెట్టింది.

ఆ ఊదారంగు పొగ
కాగితం అంచు దాటిపోయి
బల్లగుడ్డకి అంటుకుంది.
రెండుసార్లు ఉతికారు.
ఉంది ఇంకా.